గుంజకు అమావాస్య లేదు

ఇసుకలో పాతిన స్తంభాన్ని పక్కకు లాగితే అది ఎంత వాలుతుందో ముందుగా చెప్పడం నా వృత్తి. ఇలాంటి వృత్తి ఒకటుందని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు దాని గురించి నన్ను రెండోసారి అడగరు. వంతెనలకూ గాలిమరలకూ భూమిలోకి దించే పునాది స్తంభాలుంటాయి. పైనుంచి పడే బరువు వాటికి పెద్ద కష్టం కాదు, నిలబడి మోస్తాయి. గాలో వరదో వచ్చి పక్కనుంచి తోసినప్పుడే స్తంభం సంగతి బయటపడుతుంది. నిజానికి బయటపడేది దాని చుట్టూ ఉన్న ఇసుక సంగతి. అనంతపురంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఈ ముక్కనే నేను పిల్లలకు రకరకాలుగా చెబుతుంటాను.

ఇసుక గురించి చదువుకున్నవాడికి మా జిల్లాలో లోటు లేదు. పెన్నలో ఇసుక, చిత్రావతిలో ఇసుక, పేరులేని వంకలన్నిటిలో ఇసుక. నా పక్క గదిలో నీటి ప్రవాహాల గురించి చెప్పే ఒకాయన ఉన్నాడు. ఆయన కాస్త దిగులుగా ఉంటాడు.

మా మామ ధర్మవరంలో పట్టుచీరలు నేసే మనిషి. మా అమ్మకు తమ్ముడు, నాకు పిల్లనిచ్చినవాడు. ఇంజనీరుకు ఇస్తున్నానంటే ఇళ్ళు కట్టేవాడికి ఇస్తున్నాననుకున్నాడు పాపం. పెళ్ళయ్యాక ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర, నువ్వు చేసేది కచ్చితంగా ఏమి అని అడిగాడు. చెప్పాను. ముద్ద చేతిలో పట్టుకుని తేల్చి చెప్పాడు.

"గుంజ ఎంత వాల్తాదో లెక్క కడతావు."

"అవును మామా."

"వాలకుండా పాతేది నేర్పించరా అప్పా ఆడ?"

ఈ ప్రశ్నకు మా శాస్త్రంలో జవాబుంది, కానీ అది అన్నం చల్లారేలోగా అయ్యేది కాదు. మజ్జిగ పోసుకున్నాను.

అత్త పోయిన తర్వాత మామ ఒక్కడే ఆ మట్టిమిద్దె కింద నేస్తుండేవాడు. మిద్దె మీద పిచ్చుక నడిచినా మన్ను రాలి పడుగు మీద పడేది. పట్టు మీద మన్ను పడడం చిన్న విషయం కాదు. నా భార్య ఎన్నిసార్లు పిలిచినా మామ ఒకటే మాట అనేవాడు. మగ్గం వస్తే నేనొస్తా. చివరికి అనంతపురం అంచున, మగ్గం పట్టేంత పొడవైన వసారా ఉన్న ఇల్లొకటి బాడుగకు దొరికింది. ఒకప్పుడు అక్కడ వంక పారేదట. దాన్ని ఇసుకతో పూడ్చి ప్లాట్లు వేశారు, ప్లాట్ల మీద ఇళ్ళు వేశారు. ఇంటి ఆయన ఫోనులో ఒప్పుకున్నాడు. గుంట తవ్వుకోండి, బండలు పేర్చుకోండి, కానీ పిడికెడు సిమెంటు కూడా పోయొద్దు, మీరు పోయినాక నేను చదును చేసుకోవాలన్నాడు. వంకలో ఇల్లు కట్టిన మనిషికి సిమెంటు దగ్గర అంత పట్టుదల ఎందుకో నాకు అర్థం కాలేదు. ఇళ్ళు దొరకని చోట అర్థం కావలసిన అవసరం కూడా లేదు.

గుంట మగ్గం చూడనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. నేసే మనిషి నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి కూర్చుంటాడు. ఆయన ముందునుంచి పట్టు దారాల పడుగు వసారా పొడవునా సాగి, అవతలి కొనన ఒక తాడుగా ముడిపడి, నేలలో పాతిన గుంజకు కట్టుబడి ఉంటుంది. అంటే చీర మొత్తం ఆ గుంజను పట్టుకుని వేలాడుతోందన్నమాట. తేడా ఏమిటంటే కిందికి కాదు, పక్కకు. గుంజ గట్టిగా ఉన్నంతసేపు పడుగు బిగువు ఒక్క తీరుగా ఉంటుంది. అది హఠాత్తుగా కాస్త వాలిందా, దారం వదులవుతుంది. మళ్ళీ బిగించుకుని నేస్తే ఆ చోట చీర అడ్డంగా ఒక గీత పడుతుంది. మగ్గం మీద ఉన్నప్పుడు అది కనిపించదు. చీర విప్పి వాకిట్లో వెలుతురుకు పడితే తెలుస్తుంది. పెళ్ళికూతురికి తెలియకపోవచ్చు గాని సావుకారికి తెలుస్తుంది.

సావుకారి అంటే ధర్మవరంలో మామకు పట్టూ జరీ ఇచ్చి చీరలు తీసుకునే పెద్దమనిషి. మగ్గం తరలిస్తున్నామని చెప్పడానికి మేము ముగ్గురం పోయాం. ఆయన కోపగించుకోలేదు. మూడు చీరల పడుగు ఒకటి ఇచ్చాడు. ఈడ నేసినట్టే ఆడా వస్తే మంచిదే, రాకుంటే మగ్గం విప్పి మా షెడ్డుకు తెచ్చేయి, పండుకోను చోటు కూడా ఉండాది అన్నాడు. మామ సరేనన్నాడు. ఆ షెడ్డులో మగ్గాలు వరసగా ఉంటాయి, వాటి మధ్య చాపలు చుట్టి పెట్టి ఉంటాయి. నా భార్య ఆ చాపల వైపు చూసింది. ఇల్లు చేరాక తాళం తీస్తూ నాతో ఒక మాట అంది.

"బావా, నాయన ఆ షెడ్డుకు పోకూడదు. నీ చదువు ఎందుకైనా పనికొస్తే దీనికి రానీ."

నా చదువును ఇంత సూటిగా ఎవరూ పరీక్ష పెట్టలేదు, పట్టా ఇచ్చినవాళ్ళతో సహా.

గుంజ నల్లతుమ్మది. మామ వాళ్ళ నాయన కాలం నాటిది. తాడు ఒరుసుకునే చోట అరిగి, కాడెద్దు మెడలాగా నున్నగా అయింది. దాన్ని పాతడానికి తవ్వడం మొదలుపెడితే, తొడ లోతు దిగేసరికి గోడలు జారి పూడిపోతున్నాయి. చేటెడు తీస్తే చేటెడు వచ్చి పడుతుంది. పొడి ఇసుక అంతే, దానికి గుంట అంటే గిట్టదు. అందిన లోతులోనే గుంజ దించి చుట్టూ రాళ్ళు దట్టించాం. రాళ్ళ వెనక కూడా ఇసుకే కాబట్టి అది మనసుకు ధైర్యం తప్ప మరేమీ కాదు. మామ కూర్చునే గుంటకు మాత్రం నాలుగు వైపులా బండలు దించి ఒకదానికొకటి ఆనించాం. అది బాగానే కుదిరింది. కదిలితే గుంజే కదలాలి.

ఆ ఇసుకను నేను టిఫిన్ డబ్బాలో కాలేజీకి తీసుకుపోయాను. గింజకూ గింజకూ మధ్య ఒరిపిడి ఎంత, ఎంత వదులుగా పడి ఉంది, అన్నీ చూశాను. స్ప్రింగు తాసును తాడుకు కట్టి పడుగు ఎంత బలంగా లాగుతోందో కొలిచాను. ఒక మనిషి వెనక్కు ఒరిగి లాగినంత లాగుతోంది. అడ్డంగా వేసే పేక పోగును పలకతో కొట్టి బిగించిన ప్రతిసారీ ఇంకో చిన్న జర్కు. ఇదంతా లెక్కలో వేసి గీత గీసుకుని మామకు చెప్పాను. మొదటి చీర దిగేసరికి గుంజ తల బొటనవేలి మందం వాలుతుంది మామా, అని.

మామ గుంజ వైపు చూశాడు, నా కాగితం వైపు చూడలేదు. "తలెంటికంత గూడా కదలదు" అన్నాడు.

ఆధారమేమిటని అడిగితే, అది మా నాయన గుంజ అన్నాడు. ఈ పద్ధతిలో స్తంభాల బలం తేల్చడం గురించి నేను ఎక్కడా చదవలేదు.

కాలేజీ నుంచి ఒక డయల్ గేజి తెచ్చి గుంజకు ఆనించి పెట్టాను. గడియారంలాంటి ముఖం, ఒక ముల్లు; గుంజ కాగితం మందం కదిలినా ముల్లు చెబుతుంది. వేసవి సెలవులు మొదలయ్యాయి. మధ్యాహ్నాలు నేను వసారాలో, గేజి పక్కన, చాప వేసుకుని పడుకునేవాణ్ణి. పరిశోధన అని ఇంట్లో చెప్పాను. ఎవరూ కాదనలేదు.

ఆ మధ్యాహ్నాలు ఇప్పటికీ నాలో ఎక్కడో నడుస్తూనే ఉన్నాయి. వీధిలో కుక్క కూడా ఉండదు. జాలీ కిటికీలోంచి ఎండ చిల్లులు చిల్లులుగా పడి, పడుగు మీద మెల్లగా పాకుతుంది. ఎర్రటి పట్టు మీద ఎండ నడుస్తుంటే నదిలాగా కనిపించేది, ఈ చివర మామ, ఆ చివర గుంజ, మధ్యలో పారే పట్టు. పలక పడిన చప్పుడు, పేక పోగు మోసే నాడె జారిన చప్పుడు, మళ్ళీ పలక. ప్రతి దెబ్బకూ గేజి ముల్లు కొద్దిగా వణికి మళ్ళీ తన చోటికి వచ్చేది. నిద్రకూ మెలకువకూ మధ్య ఏదో గట్టు మీద నేను పడుకుని ఉండేవాణ్ణి. నేల కింద పూడ్చిన వంక నాకు వినిపించేది. అది నీళ్ళ చప్పుడు కాదు, ఇసుక ఒక వైపు తిరిగి పడుకునే చప్పుడు. కల్లో ఊళ్ళోని స్తంభాలన్నీ, కరెంటు కంబాలూ కొండల మీది గాలిమరలూ, ఎవరో దారం కట్టి లాగుతున్నట్టు ఒకే వైపు కాస్త కాస్త ఒరిగేవి. ఎటువైపని చూస్తే అక్కడ మా మామ కూర్చుని నేస్తుండేవాడు.

ఉలిక్కిపడి కళ్ళు తెరిస్తే మామ అడిగేవాడు, లెక్క యాడికొచ్చిందప్పా అని.

లెక్క ఎక్కడికీ రాలేదు. మొదటి చీర దిగేనాటికి ముల్లు దాదాపు మొదలుపెట్టిన చోటే ఉంది. మధ్యలో ఒక అమావాస్య వచ్చింది, మగ్గానికి సెలవు. ఆ రోజు మామ తాడు విప్పి పడుగు వదులు చేశాడు, మర్నాడు మళ్ళీ బిగించాడు. ముల్లు వెనక్కు పోయి మళ్ళీ తన చోటికి వచ్చింది. మామ చీర మడత పెట్టుకుని ధర్మవరం పోయాడు. సావుకారి వెలుతురుకు పట్టి చూసి తల ఊపాడట. వచ్చాక మామ నా కాగితం అడిగి తీసుకుని, జరీ కండెలు చుట్టి పెట్టుకున్నాడు. బాగా పనికొచ్చిందన్నాడు.

నేను ఓడిపోయినందుకు ఇల్లంతా సంతోషించింది. నేను కూడా సంతోషించాననే చెప్పాలి, షెడ్డు తలుచుకుంటే. అయినా లోపల ఒక ముల్లు గుచ్చుతూనే ఉంది. పొడి ఇసుక అంతగా మాట వినదు. ఇన్నేళ్ళుగా ఎంతమంది పిల్లలకు ఇది చెప్పి ఉంటాను!

రెండో చీర మొదలైన కొద్ది రోజులకు నీళ్ళ కటకట వచ్చింది. కొళాయి రోజు విడిచి రోజు, తర్వాత ఎప్పుడో తెలియని రోజు, ఆ తర్వాత ట్యాంకరు. ట్యాంకరు వచ్చిన రోజు వీధి అంతా బిందెల వరస. ఇంట్లో ఏ చెంబు నీళ్ళు ఎందుకు వాడారో నా భార్యకు చెప్పవలసి వచ్చేది. కోప్పడేది కాదు, చూసేది. అది చాలు.

అప్పుడే గుంజ కదలడం మొదలుపెట్టింది. ముల్లు వణికి తన చోటికి రాకుండా ఒక గీత అవతల ఆగేది. తెల్లవారి చూస్తే ఇంకో గీత. మామ తాడు బిగించుకునేవాడు. ఆ నెల అమావాస్యకు మామ పడుగు వదులు చేశాడు. మర్నాడు బిగించాక గుంజ నా బొటనవేలి మందం దాటి వాలింది. నా లెక్క నిజమైంది, కాస్త ఆలస్యంగా. ఆ రోజు ఇంట్లో నేనొక్కడినే సరిగా చెప్పినవాణ్ణి, ఎవరితోనూ ఆ మాట అనలేకపోయాను.

రెండో చీర తీసుకుపోయిన రోజు మామ త్వరగా తిరిగొచ్చాడు. చెప్పులు విడిచి, అరుగు మీద కూర్చుని, తుండుతో మెడ తుడుచుకున్నాడు. చీర మధ్యలో గీత ఉందట. సావుకారి చీర తీసుకున్నాడు గాని, మూడోది కూడా ఇట్ల వస్తే మొగ్గం షెడ్డుకు తెచ్చెయ్ అన్నాడట. మామ ఈ మాట చెప్పేటప్పుడు గుంజ వైపు చూడలేదు. ఇంట్లో చాపకు చెద పట్టింది, కొత్తది కొనాల అన్నాడు. ఏ చాప గురించి అంటున్నాడో మా ఇద్దరికీ తెలిసింది. నా భార్య లేచి లోపలికి పోయి, అవసరం లేని గిన్నెలు కొన్ని తోమింది, అదీ నీళ్ళతో.

మూడో చీర మొదలుపెట్టే ముందు రెండు రోజులు మగ్గం ఊరికే ఉంది. నేను మధ్యాహ్నం యథాప్రకారం గేజి పక్కన పడుకున్నాను. ఈసారి నిద్ర రాలేదు. చెంప నేలకు ఆనించి గుంజ మొదలు చూస్తూ ఉన్నాను. అంత దగ్గరగా చూస్తే ఇసుక కూడా ఒక దేశంలాగా ఉంటుంది, దిబ్బలూ లోయలూ. గుంజ చుట్టూ కాస్త గరిక ఉంది. ఎండిపోయి, పసుపు రంగుకు వచ్చి, గుంజనే ఆనుకుని పడుకుని ఉంది. ఆ గరికను చాలాసేపు చూశాక ఒక మాట మెల్లగా పైకి తేలింది. గరిక ఎండిపోయిందంటే, ఒకప్పుడు పచ్చగా ఉండేది. వానే లేని వేసవిలో, వసారా లోపల, దానికి నీళ్ళెక్కడివి?

నా కళ్ళ ముందే జరిగిన పని అప్పుడు గుర్తొచ్చింది. మామ రోజూ పొద్దున మగ్గం ఎక్కేముందు చెంబు నీళ్ళు తీసుకుని గుంజ దగ్గరికి పోయి కాళ్ళు కడుక్కుని, మిగిలింది గుంజ మొదట్లో పోసి దండం పెట్టుకునేవాడు. అది నేను రోజూ చూశాను. చూసి పక్కకు తిరిగి పడుకున్నాను. మామ నీళ్ళు పోయడం ఎప్పుడు మానేశాడని నా భార్యను అడిగితే, ట్యాంకరు మొదలైనప్పుడే అంది. ఆమె వద్దనలేదు. ఆయనే మానేశాడు. కూతురి ఇంట్లో నీళ్ళకు వరస కట్టే రోజుల్లో గుంజకు చెంబు పోయడం ఆయనకు బాగుండలేదు.

తడి ఇసుక వేరు, పొడి ఇసుక వేరు. సముద్రం చూసిన పిల్లలందరికీ ఇది తెలుసు. తడి ఇసుకతో గూడు కట్టవచ్చు, పొడి ఇసుకతో కట్టలేం. గింజల మధ్య కాస్త తేమ ఉంటే అవి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. గుంజ పక్కకు వంగినప్పుడు దాని వెనక సన్నటి ఖాళీ ఏర్పడుతుంది. తడి ఇసుక ఆ ఖాళీని అలాగే ఉంచుతుంది, గుంజ తిరిగి రావడానికి. పొడి ఇసుక ఉంచదు. గింజ గింజగా జారి ఆ ఖాళీని పూడ్చేస్తుంది. ఇక గుంజకు వెనక్కు వచ్చే దారి లేదు. ముందుకు ఒక అడుగు వేసినవాడి వెనక తలుపు వేసినట్టు.

అమావాస్య సంగతి కూడా అప్పుడే తెలిసింది. నెలకొకసారి పడుగు వదులు చేసి మళ్ళీ బిగిస్తే గుంజ ఒక్కసారి వీలైనంత వెనక్కు సడలి, మళ్ళీ పూర్తిగా ముందుకు వస్తుంది. పొడి ఇసుకలో ఆ ఒక్క ఊపు రోజుల తరబడి నేత కన్నా ఎక్కువ చెరుపు చేస్తుంది. చీరలో గీత పడింది అమావాస్య మర్నాడు నేసిన చోటే. నా లెక్కలో లాగుడు ఉంది, జర్కు ఉంది, ఒరిపిడి ఉంది, అమావాస్య లేదు. నేత ఇంట్లో పుట్టిన అమ్మకు పుట్టినవాణ్ణి. అమావాస్యనాడు మగ్గం ఎక్కరని నాకు నడక వచ్చినప్పటి నుంచి తెలుసు. అంత బాగా తెలిసినది కాగితం మీదికి ఎందుకు రాలేదో చెప్పలేను. మనం ఊపిరి కూడా లెక్క వేయం కదా.

మామకు ఇదంతా చెప్పాను. ఆయన విని, నీళ్ళు పోసింది దండం కోసం గాని గుంజ కోసం కాదు అన్నాడు. ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. ఇన్నాళ్ళు ఇసుక ఒక్కతే తెలుసుకుని కూర్చుంది.

నీళ్ళ సంగతి నా భార్య చూసుకుంది. బియ్యం కడిగిన నీళ్ళు, కూరగాయలు కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు, అన్నీ ఒక తప్పేలాలో పట్టి గుంజ మొదట్లో పోసేది. భోజనం చేసి ఎవరు చేయి కడగాలన్నా గుంజ దగ్గరికే పోవాలి. ఇంటికొచ్చిన చుట్టాలు కాస్త వింతగా చూసేవాళ్ళు. పెద్దల ఆచారం అని చెప్పేవాళ్ళం. ఎవరూ మారు మాట అడగలేదు. వాలిన గుంజను వెనక్కు నెట్టి నిలబెట్టి, తడి ఇసుక దట్టించి, మామ మూడో చీర మొదలుపెట్టాడు.

ముల్లు నిలబడింది. ఇక మిగిలింది అమావాస్య, అది చీర సగంలో వస్తుంది. ఆ రోజు పడుగు వదులు చేయొద్దని మామను బతిమాలాను. మామ ఒప్పుకోలేదు. మొగ్గానికి ఆ రోజు సెలవు, మా నాయన నాటి నుంచి ఉండేదే అన్నాడు. గట్టిగా అనలేదు. గట్టిగా అనివుంటే వాదించేవాణ్ణి.

మగ్గానికి సెలవు ఇవ్వాలి, గుంజకు ఇవ్వకూడదు. ఈ రెండిటి మధ్య నేను ఒక రోజంతా తిరిగాను. మర్నాడు కాలేజీకి పోయి, మేము ఇసుక తొట్టెలో చిన్న కడ్డీలను లాగడానికి వాడే గిలక ఒకటి, గట్టి తాడు ఒకటి తెచ్చాను. పెరట్లో మిక్సీ వచ్చిన నాటి నుంచి ఎవరూ తలవని రోలు ఒకటి పడి ఉంది. అమావాస్య పొద్దున, మామ పడుగు విప్పే ముందే, గుంజకు రెండో తాడు కట్టి, దాన్ని మామ గుంట అంచున బిగించిన గిలక మీదుగా పోనిచ్చి, చివర రోలు కట్టి గుంటలోకి వదిలాను. రోలు బరువు ఇంచుమించు పడుగు లాగేంత. మామ పడుగు వదులు చేశాడు. గుంజ కదల్లేదు. పడుగు లాగడం మానేసినట్టు దానికి తెలియలేదు. అమావాస్య వచ్చినట్టు దానికి ఎవరూ చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం వసారాలో చప్పుడు లేదు. పట్టు వదులుగా, కొద్దిగా కుంగి, మధ్యాహ్నం నిద్రపోతున్న మనిషి ఛాతీలాగా గాలికి లేచి పడుతోంది. మామ రోజూ కాళ్ళు దించే గుంటలో రోలు వేలాడుతూ మెల్లగా, ఎంతో మెల్లగా, ఒక వైపు తిరిగి మళ్ళీ ఇటు తిరుగుతోంది. మామ గోడకు ఆనుకుని దాన్ని చూస్తూ కూర్చున్నాడు. చాలాసేపటికి నవ్వాడు.

"మొగ్గం సెలవులో ఉండాది. నేను సెలవులో ఉండా. రోలు మాత్రం పన్జేస్తాండాది" అన్నాడు. "నీకెవరప్పా ఇచ్చేది సెలవు" అన్నాడు నా వైపు తిరిగి.

నేను గేజి చూస్తున్నానని చెప్పాను. నిజానికి కళ్ళు మూతలు పడుతున్నాయి. నేల కింది వంక తడిగా, చల్లగా, ఏదో గట్టిగా పట్టుకుని పడుకుని ఉన్నట్టు అనిపించింది.

మర్నాడు మామ పడుగు బిగించాకే రోలు విప్పాను, ముల్లు తన చోటు వదల్లేదు. మూడో చీర దిగింది. వాకిట్లో వెలుతురుకు పట్టి నేనూ నా భార్యా చూశాం. నాకేమీ కనిపించలేదు, కానీ నాకు ఎప్పుడూ కనిపించదు. నా భార్య అరచేతితో ఆ కొస నుంచి ఈ కొస దాకా తడిమింది. మామ చూడనే లేదు, మడత పెట్టుకుని బస్సెక్కాడు. ఇంక తెలియాల్సింది ఒకటే. సావుకారి కొత్త పడుగు ఇస్తే మామ మూటతో వస్తాడు. ఇవ్వకపోతే ఉత్త చేతులతో వస్తాడు, మర్నాడు మగ్గం విప్పుతాం.

సాయంత్రం ఆటో చప్పుడు విని మేమిద్దరం గేటు దగ్గరికి పోయాం. మామ దిగాడు. ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో ఏమీ లేదు. చొక్కా సరిచేసుకుని, నిదానంగా మా వైపు నడిచొచ్చాడు. నా భార్య గేటు గడియ తీసిన చేయి అలాగే ఉంచింది.

"ఏం నాయనా" అంది.

మామ ఆమె పక్కనుంచి లోపలికి వచ్చి, అరుగు మీద గొడుగు పెట్టి, అప్పుడు నాతో అన్నాడు. "మూట ఆటోలో ఉండాది, తెచ్చుకో అల్లుడా. ఒక చేత్తో పట్టుకుంటే నేను పక్కకు వాల్తాండా."

పట్టు పడుగు అంత బరువేమీ ఉండదు. ఈ సంగతి ఆటో అతనికీ తెలుసనుకుంటా, మూట నా చేతికిస్తూ నవ్వాడు. తెల్లటి గుడ్డలో చుట్టిన మూట, పసిబిడ్డంత. ఈసారి పడుగు ఏ రంగో నేను చూడలేదు. లోపలికి వచ్చేసరికి నా భార్య వసారా కొనన వంగి, పొద్దుటి నుంచి పట్టి ఉంచిన బియ్యం నీళ్ళు గుంజ మొదట్లో పోస్తోంది. ఇసుక ఆ తెల్లటి నీళ్ళను చప్పుడు లేకుండా తాగుతోంది. పసుపు పచ్చటి గరిక మధ్యనుంచి కొత్త పోచ ఒకటి లేచి ఉంది, ఏ వైపుకూ వాలకుండా.

మామ కాళ్ళు కడుక్కోవడానికి అక్కడికే పోయాడు.